గేమ్ డిలీట్ చేస్తే మళ్లీ వేసుకుంటున్నాడు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు, ఐదో తరగతి. స్కూలు నుంచి రాగానే మా అత్తగారి ఫోన్ పట్టుకుని బ్లాకులతో ఇళ్లు కట్టే ఏదో ఆన్‌లైన్ గేమ్ ఆడతాడు. రెండుసార్లు డిలీట్ చేశాను, మళ్లీ వేసుకున్నాడు. మొన్న చూస్తే చాట్‌లో ఎవరో ‘ఫ్రీగా కాయిన్స్ ఇస్తా, వాట్సాప్ నంబర్ పంపు’ అని పెట్టారు. అడిగితే ‘నా ఫ్రెండ్’ అంటాడు, అసలు పేరే తెలియదు. ఫోన్ లాక్కుంటే అన్నం మానేసి అలుగుతున్నాడు. ఇది వ్యసనమా? పూర్తిగా మాన్పించాలా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అలక గురించి అడిగారు గానీ, నాకు టెన్షన్ పెట్టింది వాట్సాప్ నంబర్ అడిగిన ఆ మెసేజ్. ముందు దాని సంగతి చూడండి. నంబర్ పంపాడో లేదో కోప్పడకుండా కనుక్కోండి. మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాకే ఆ అకౌంట్‌ను బ్లాక్ చేయండి, గేమ్‌లోనే రిపోర్ట్ చేయండి. పిల్లలకు వల వేసేవాళ్లు చాలాసార్లు ఇలాగే మొదలుపెడతారు. ముందు కాయిన్స్ ఇస్తామంటారు, తర్వాత పెద్దలు చూడని ఇంకో యాప్‌లోకి రమ్మంటారు. ఆపైన ఫొటోలు అడుగుతారు, ‘ఇంట్లో చెప్పొద్దు’ అంటారు. అవతల ఉన్నది మీవాడి ఈడు పిల్లాడే కావచ్చు. కానీ అది తేల్చుకోవాల్సింది మీరు, వాడు కాదు. ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఇక డిలీట్ చేయడం గురించి. ఏ గొడవ వచ్చినా గేమ్ పోతుందని పిల్లాడికి ఒకసారి అర్థమైతే, నిజంగా గొడవ వచ్చిన రోజు మీకు చెప్పడు. చాట్‌లో ఎవరో ఇబ్బంది పెట్టిన సంగతి నెలల తర్వాత నా దగ్గర బయటపెట్టిన పిల్లలున్నారు. అప్పుడే ఎందుకు చెప్పలేదురా అంటే ‘ఫోన్ తీసేసుకుంటారని’ అంటారు. అందుకే ఇవాళే మాటివ్వండి: ‘చాట్‌లో ఎవరేమన్నా నాకు చెప్పు, చెప్పినందుకు గేమ్ తీసేయను.’ వాడు చెప్పింది వినగానే ఒళ్లు మండినా సరే, ఆ మాట తప్పకండి.

మీరు గేమ్ పేరు రాయలేదు. ఈ వయసు పిల్లల నోట నేను ఎక్కువగా వినేవి రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్. రోబ్లాక్స్ 2006లో మొదలైంది. అది ఒక్క గేమ్ కాదు, జనం తయారుచేసిన లెక్కలేనన్ని గేమ్‌లు ఉండే సంత లాంటిది. అందులో మంచివీ ఉంటాయి, పదేళ్ల వాడికి తగనివీ ఉంటాయి. 13 ఏళ్లలోపు వాళ్లకు గేమ్ బయట ప్రైవేట్ మెసేజ్‌లు 2024 నవంబరు నుంచి ఆపేశారు. తల్లిదండ్రులు తమ అకౌంట్‌ను పిల్లల అకౌంట్‌కు జోడిస్తే ఎంతసేపు ఆడుతున్నారో, ఫ్రెండ్స్ ఎవరో కనిపిస్తుంది, ఖర్చుకు హద్దు కూడా పెట్టొచ్చు. అయితే పిల్లలు తెలివైనవాళ్లు. అకౌంట్ తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం మార్చేసి పెద్దవాళ్లయిపోతారు. వాడు ఆడేది ఏ గేమైనా ముందు చూడాల్సింది అదే. అత్తగారి ఫోన్‌లో యూపీఐ ఉంటే దాని పిన్ బాబుకు తెలుసేమో కనుక్కోండి, తెలిస్తే మార్చేయండి.

పూర్తిగా మాన్పించమని మాత్రం నేను చెప్పను. బ్లాకులు పేర్చి ఇల్లు కట్టడంలో లెక్క ఉంది, ముందుచూపు ఉంది. వీధిలో ఆడుకునే చోటు లేని పిల్లలకు తోటివాళ్లు దొరికేది కూడా అక్కడే. ఒక అరగంట పక్కన కూర్చుని ‘నాకూ నేర్పరా’ అనండి. నాలుగు సెట్టింగ్‌లు చెప్పని సంగతులు మీకు తెలుస్తాయి.

అలిగితే వ్యసనం కాదు. ఆన్‌లైన్ గేమ్‌ను మధ్యలో ఆపి ఉంచడం చాలాసార్లు కుదరదు, అవతల వాళ్లు ఆడేస్తూనే ఉంటారు. అటువంటప్పుడు ఫోన్ లాక్కుంటే కోపం వస్తుంది, పెద్దవాళ్లకైనా వస్తుంది. టైమర్ కన్నా ‘ఈ రౌండ్ అయ్యాక’ అన్న షరతు బాగా పనిచేస్తుంది. మామూలు రోజుల్లో గంట చాలు. హాల్లోనే ఆడాలి. పడుకునే గదిలోకి ఫోన్ వెళ్లకూడదు, ఈ వయసులో రాత్రికి తొమ్మిది గంటల నిద్రయినా ఉండాలి. ఈ నియమం నాన్నగారి ఫోన్‌కు కూడా వర్తిస్తుంది. ‘మావాడు ఫోన్ వదలడు సార్’ అని చెబుతూనే రీల్స్ చూసుకునే తండ్రులను నేను రోజూ చూస్తుంటాను. సాయంత్రం వెలుగుండగా బయట ఆడుకోనివ్వండి, కళ్లకు కూడా మంచిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే. కానీ ఆట మీద అదుపు పోవడం, చదువు, స్నేహాలు అన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం.. ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతాం. మీరు రాసినదాన్నిబట్టి బాబు అక్కడ లేడు. నిద్ర మానేసి ఆడటం, స్కూలుకు వెళ్లననడం, ఇంట్లోవాళ్ల మీద చేయి చేసుకోవడం మొదలైతే మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. దగ్గర్లోని పిల్లల సైకియాట్రిస్టుకు చూపించండి. అంతకన్నా ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.