విదేశాలకు వెళ్తే ఇక్కడి వార్డుకు ద్రోహం చేసినట్టా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రపంచీకరణ, ఆరోగ్యం, అసమానతల మీద సెమినార్ ఇవ్వమన్నారు. చదివేకొద్దీ టెన్షన్ ఎక్కువైంది. నర్సులు వెళ్లిపోవడం వల్లే పేద దేశాల ఆసుపత్రులు ఖాళీ అవుతున్నాయని రాశారు. నాకేమో చదువవగానే బయటి దేశానికి వెళ్లాలని ఉంది. ఇది తప్పా? అసలు నర్సుకు ఈ ప్రపంచీకరణ గొడవ ఎందుకు?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న చూద్దాం. 2003 ఫిబ్రవరిలో దక్షిణ చైనా నుంచి వచ్చిన ఒక డాక్టరు హాంకాంగ్‌లో ఓ హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగారు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగాలేదు. అదే హోటల్లో దిగినవాళ్లు విమానాలెక్కి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. కొద్దిరోజుల్లోనే హనోయ్, సింగపూర్, టొరంటో ఆసుపత్రుల్లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి మొదలైంది. ఆ ఏడాది ప్రపంచమంతా కలిపి సుమారు 8,000 కేసులు నమోదైతే, ఐదింట ఒకటి ఆరోగ్య సిబ్బందిదే. టొరంటోలో ఇద్దరు నర్సులు చనిపోయారు. ఆ హోటల్ గుమ్మం కూడా తొక్కనివాళ్లు వాళ్లు. ప్రపంచీకరణ నర్సు దగ్గరికి వచ్చేది ఇలాగే, అడ్మిషన్ షీటుతో పాటు.

అలాగని అంతా చెడే అని సెమినార్లో చెప్పకండి. ఒకప్పుడు ఎయిడ్స్ మందులకు ఒక్కో రోగికి ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. 2001లో ఒక భారతీయ కంపెనీ వాటి జెనరిక్స్‌ను, అంటే అవే మందులను బ్రాండ్ పేరు లేకుండా, 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. పేటెంట్ నిబంధనలతో మందుల ధర పెంచిందీ ప్రపంచ వాణిజ్యమే, ఆ జెనరిక్స్‌ను ఆఫ్రికా దాకా చేర్చిందీ ప్రపంచ వాణిజ్యమే.

ఇక అసలు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో నర్సులు సుమారు 2 కోట్ల 98 లక్షల మంది. కొరత ఇంకా 58 లక్షలు. ఉన్నవాళ్లలో 78 శాతం మంది పనిచేస్తున్న దేశాల్లో ప్రపంచ జనాభాలో సగం కూడా లేరు. ధనిక దేశాల్లోని నర్సుల్లో దాదాపు నాలుగో వంతు వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. మిమ్మల్ని భయపెట్టినవి బహుశా ఈ అంకెలే అయ్యుంటాయి.

కానీ అంకెల్లో కనపడనిది ఒకటుంది. ధనిక దేశాల ఆసుపత్రులు ఎక్కువగా అడిగేది అనుభవం ఉన్నవాళ్లనే. అంటే ముందు వెళ్లిపోయేది ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్ చేతులు. వాళ్ల స్థానంలో నిన్న పాసైన అమ్మాయి చేరుతుంది. డ్యూటీ చార్టులో తల లెక్క మారదు. రాత్రి రెండు గంటలకు ఒక పేషెంటు శ్వాస నిమిషానికి 18 నుంచి 26కి పెరిగిందనుకోండి. కొత్త నర్సు చార్టులో 26 అని పొందిగ్గా రాసి పక్క పడక దగ్గరికి వెళ్తుంది. పదేళ్లు చేసిన సిస్టర్ అయితే చార్టు పక్కన పడేసి ముందు డాక్టర్ను లేపుతుంది. రెండు చోట్లా నర్సు ఉన్నట్టే లెక్క!

మరి ఆ సిస్టర్ వెళ్లిపోవడం ఆమె తప్పా? నేనలా అనుకోను. 2000ల మధ్యలో కెన్యాలో ఆసుపత్రుల్లో ఖాళీలున్నాయి, ఊళ్లలో ఉద్యోగం లేని నర్సులూ ఉన్నారు. ప్రభుత్వ ఖర్చు మీద, కొత్త నియామకాల మీద పరిమితులు ఉండటంతో ఈ రెండూ కలవలేదు. ఫిలిప్పీన్స్ దశాబ్దాలుగా విదేశాలకు పంపడానికే నర్సులను తయారుచేసి, కోవిడ్ వచ్చాక కంగారుపడి 2020 చివర్లో ఏడాదికి 5,000 మందే వెళ్లాలని పరిమితి పెట్టింది. జీతం, రక్షణ, ప్రమోషన్ ఇవ్వాల్సినవాళ్లు చేతులెత్తేసి, ఇరవై రెండేళ్ల అమ్మాయి సూట్‌కేసు మీద నేరం మోపితే ఎలా? 2010లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి కూడా మీ వెళ్లే హక్కును కాదనలేదు. కొరత తీవ్రంగా ఉన్న దేశాలకు వెళ్లి అక్కడివాళ్లను ఎగరేసుకుపోవద్దని ప్రభుత్వాలకు చెప్పింది. 2023లో అలాంటి 55 దేశాల జాబితా ఇచ్చింది. పాటించి తీరాలన్న బలం మాత్రం ఆ నియమావళికి లేదు.

కాబట్టి వెళ్లండి, కాకపోతే పాసైన నెలలోనే పరుగెత్తకండి. ఒకే విభాగంలో కనీసం రెండేళ్లు గట్టిగా చేయండి. ఐసీయూ అయితే ఐసీయూనే, ఆరు నెలలకో వార్డు మారితే సర్టిఫికెట్ బరువు తగ్గుతుంది. ఈలోగా భాష చూసుకోండి. జర్మనీకి సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత జర్మన్ కావాలి, అది నెలల్లో తేలే పని కాదు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్షతో పాటు చేసి చూపించే ఆస్కీ ఉంటాయి.

అన్నిటికంటే నాకు భయం వేసేది కాంట్రాక్టు దగ్గర. నా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి ఐదేళ్ల అనుభవమున్న స్టాఫ్ నర్సు. ఏజెన్సీ ఇచ్చిన ఆఫర్ లెటర్లో జీతం గళ్లను హైలైటర్‌తో గీసుకొచ్చింది. పోస్టు పేరు చదవలేదు. కేర్ అసిస్టెంట్, అంటే నర్సు కాదు, సహాయకురాలు! రిజిస్ట్రేషన్ లేదు, ఇంజెక్షన్ ముట్టుకోనివ్వరు. మూడేళ్లలోపు మానేస్తే తెచ్చిన ఖర్చంతా తిరిగి కట్టాలని నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. కేర్ పనికి వెళ్లే ఆ దారి ఎంత నమ్మలేనిదంటే, బ్రిటన్ 2025 జులైలో కేర్ వర్కర్లను విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేసింది. నర్సుగా చదివి నర్సు కాని పనికి వెళ్తే మాత్రం నష్టం రెండు దేశాలకూ, మీకూ. ఇంకోమాట, ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఏజెన్సీ ఫీజు వసూలు చేయకూడదని బ్రిటన్ నియామక నియమావళి చెబుతోంది. ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి.

సెమినార్‌కు ఒక స్లైడ్ నేనిస్తాను. మీ పోస్టింగ్ ఉన్న ఆసుపత్రిలో వారం రోజుల నైట్ డ్యూటీ చార్టులు చూసి, ఐదేళ్ల అనుభవం దాటిన నర్సులు ఒక్కో రాత్రి ఎంతమంది ఉన్నారో రాసుకోండి. ముందు వార్డు ఇన్‌చార్జి అనుమతి తీసుకోండి, పేర్లు వద్దు, అంకెలు చాలు. ఐసీయూ అంకె మిగతా వార్డులతో కలపకుండా విడిగా చూపించండి.