పథకం పనిచేసిందా లేదా అని తేల్చే ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: ఎకనామిక్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. పాలసీ అనలిస్ట్ కావాలనుంది. మైక్రో, మ్యాక్రోలో మంచి మార్కులున్నాయి. సరిపోతాయా?

జవాబు: చాలవు. ఈ పనిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఆ పథకమే లేకపోతే ఏం జరిగి ఉండేది? నైపుణ్య శిక్షణ తర్వాత ఆదాయాలు పెరిగాయి కాబట్టి శిక్షణ ఫలించిందని కొత్తవాళ్లు రాసేస్తారు. ఆ ఏడాది అందరి ఆదాయాలూ పెరిగి ఉంటే? తమంతట తాము వచ్చి చేరినవాళ్లు మొదటి నుంచీ చురుకైనవాళ్లయితే?

దీన్ని తేల్చే ఒక పద్ధతి చూడండి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల సిబ్బందిని పెంపుకు ముందూ తర్వాతా లెక్కించారు. న్యూజెర్సీలో వచ్చిన మార్పులోంచి పెన్సిల్వేనియాలో వచ్చిన మార్పును తీసేశారు. ఉద్యోగాలు తగ్గిన ఆధారం దొరకలేదు. జీతాల రికార్డులతో సరిచూసిన మరికొందరు దీంతో విభేదించారు. ఆ వాదన మొత్తం చదవండి, పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది. పెంపు లేకపోతే రెండు ప్రాంతాలూ ఒకే తీరున నడిచేవన్నది ఈ పద్ధతికి పునాది. అది కదిలితే లెక్కంతా పోయినట్టే. అందుకే ముందు ఎకనామెట్రిక్స్, అంటే డేటాతో ఆర్థిక ప్రశ్నలను తేల్చే గణాంక పద్ధతులు, గట్టిగా చదవండి. దాంతోపాటు డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లయిన ఆర్ (R) గానీ స్టాటా (Stata) గానీ ఒక్కటి బాగా వస్తే చాలు.

రెండోది లాభనష్టాల విశ్లేషణ. ఇందులో భవిష్యత్తులో అందే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించి లెక్కిస్తారు, ఏటా ఎంత శాతం తగ్గించాలో చెప్పేదే డిస్కౌంట్ రేటు. 30 ఏళ్ల తర్వాత అందే 100 డాలర్ల ప్రయోజనం 3 శాతం డిస్కౌంట్ రేటుతో ఇవాళ 41 డాలర్లు, 7 శాతంతో 13 డాలర్లే. ఆ ఒక్క రేటును బట్టి, ఉదాహరణకు ఒక ఆనకట్ట దండగ అనిపించవచ్చు, తప్పనిసరి అనీ అనిపించవచ్చు. కాబట్టి రెండు రేట్లతోనూ చూపాలి. ప్రాజెక్టులో కూలీలకిచ్చే వేతనాలను ప్రయోజనంగా రాయడం తరచూ దొర్లే తప్పు. అవి ఖర్చు. వేరే పని దొరకనివాళ్లకు ఉపాధి దొరికితే ఆ ఖర్చు తగ్గుతుందంతే. సబ్సిడీ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయే డబ్బు. దాన్ని సమాజానికి నష్టమని కలపకూడదు, ఎవరికి ఎంత చేరిందో మాత్రం విడిగా చూపాలి.

ఈ సెమిస్టర్‌లోనే ఒక విధానాన్ని ఎంచుకోండి. బహిరంగంగా దొరికే డేటాతో, అమలైన చోటునూ అమలుకాని చోటునూ పోల్చండి. ఫలితాన్ని రెండు పేజీల నోట్‌గా రాయండి. సిఫారసు మొదటి పేరాలోనే ఉండాలి, మంత్రి దగ్గర అంతకుమించి చదివే తీరిక ఉండదు. ఏ ఊహ తప్పితే మీ సిఫారసు తారుమారవుతుందో చివర్లో చెప్పండి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.