గుసగుసలో ప్రశ్న ఎలా తెలుస్తుంది?

గుసగుసగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు కంపించవు కదా, అడుగుతున్నారో చెబుతున్నారో ఎలా తెలుస్తుంది, హల్లులకు అందులో పాత్ర ఉందా అని అడిగారు. ఉంది. నాకది అన్నం దగ్గర తెలిసింది.

మాది దేవరకొండ. చెల్లి పురిటికి వచ్చినప్పుడు ఉయ్యాల వంటింటి పక్క గదిలోనే కట్టాం. పసివాడు లేస్తాడని మూడు నెలలు ఇంటిల్లిపాదీ గుసగుసలే. అమ్మ చారు పోస్తూ "బస్?" అనేది, నేను "బస్" అనేవాణ్ణి. చాలు అనడానికి మా వైపు ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాట బాగా వాడతారు. "చాలా?", "చాలు" అనుకుంటే చిక్కే లేదు, చివరి అచ్చు చూసుకుంటుంది. "బస్"కు ఆ వెసులుబాటు లేదు. అయినా ఏనాడూ పొరబడలేదు. అమ్మ కనుబొమలు చూసి గ్రహిస్తున్నానేమోనని ఒకరోజు కళ్లు మూసుకున్నాను. అప్పుడూ తెలిసింది. (ఆ సంబరంలో జవాబివ్వడం మరిచాను, చారు కంచం దాటింది.)

తర్వాత రెండింటినీ రికార్డు చేసి, ధ్వనులను విశ్లేషించే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూశాను. ఒకటి రెండు సార్లు తప్ప, ప్రశ్నలోని "స్" పదునుగా, జవాబులోది మొద్దుగా ఉంది. ఇంట్లో చేసిన పరీక్ష, అంతకు మించి విలువ కట్టకండి. కానీ జర్మన్ భాష మీద పనిచేసిన ధ్వనిశాస్త్రవేత్త ఓలివర్ నీబూర్ మామూలు మాటలోనూ ఇదే గమనించారు: వాక్యం చివర స్వరం పైకి పోతే స, శ లాంటి ఊష్మాలు పదునెక్కుతాయి. "స్" అంటే పళ్ల దగ్గర ఇరుకులోంచి గాలి దూసుకుపోయే రొద. దానికి స్వరతంత్రుల కంపనంతో పనే లేదు. పెదవులు సాగదీసి ఒకసారి, "ఊ" అన్నట్టు గుండ్రంగా చుట్టి ఒకసారి "స్" అని చూడండి, తేడా మీకే వినిపిస్తుంది. స్వరం పెంచబోతే గొంతుపెట్టె కూడా కాస్త పైకి లేస్తుంది.

సరళాలకు (గ, జ, డ, ద, బ) మాత్రం గుసగుసలో కష్టకాలం. కంపనం లేక అవి పరుషాల్లా (క, చ, ట, త, ప) వినిపిస్తాయి. "గుసగుస"నే గుసగుసగా అనండి, దాదాపు "కుసకుస" అవుతుంది.

ఫోనులో ఈ కిటుకు అన్నిసార్లూ చెల్లదు. పాత పద్ధతి కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, "స్" బలమంతా దాదాపు ఆ పైనే. బజారులో ఉన్నప్పుడు చెల్లి ఉయ్యాల పక్క నుంచి సామాన్లు చెప్పి "బస్?" అంది. నేను "బస్" అనుకుని పెట్టేశాను. ఆమె అడిగింది, ఇంకేమైనా గుర్తుందా అని. ఉగ్గుగిన్నె కోసం మళ్లీ వెళ్లాను.