ట్వంటీఫోర్ సెవెంటీ లెన్సు, వాళ్లమ్మ గొలుసు

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి రాశారు. బట్టల కొట్టు నడుపుతున్నారట. ఆయన మాటల్లోనే:

"మా వాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. బీటెక్ వద్దంటాడు, ఫోటోగ్రాఫర్ అవుతాడంట. రెండేళ్ల కింద కొనిచ్చిన కెనాన్ 1500డి కెమెరా ఉంది. ఇప్పుడు 24-70 అనే లెన్సు కావాలంట, లక్షా అరవై వేలంట. అది లేకపోతే ప్రొఫెషనల్ కాలేనని నెల రోజులుగా సరిగా తిండి కూడా తినడం లేదు. వాళ్లమ్మ తన గొలుసు కుదువ పెడదామంటోంది. ఆ డబ్బుతో బీటెక్‌లో సీటుకే కట్టేయొచ్చు గదా. లెన్సు కొనివ్వాలా, సీటు కొనివ్వాలా? రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి."

అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లెన్సు ధర ఉంది, సీటు మాట ఉంది, గొలుసు సంగతి ఉంది. మీ వాడు ఏం ఫోటోలు తీస్తాడు, బాగా తీస్తాడా లేదా అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. రెండేళ్లుగా ఇంట్లో కెమెరా ఉంది గదా, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వాడు తీసినవి ఒక్కసారైనా చూశారా? చూసుంటే రాసేవారు.

ఇదే ప్రశ్నను వేరే వేరే వస్తువుల పేరుతో అడిగినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఒకరి ఇంట్లో ల్యాప్‌టాప్, ఒకరి ఇంట్లో డ్యాన్స్ క్లాసులు, ఒకాయనకు క్రికెట్ కిట్టు. వస్తువు మారుతుంది, లోపలి భయం మారదు. రేపు చుట్టాల పెళ్లిలో అందరి పిల్లలూ బంతిలో కూర్చుని తింటుంటే మనవాడు మెడలో కెమెరా వేసుకుని వాళ్ల మధ్య తిరుగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి, వీడికి పిల్లనెవరిస్తారు అన్నదే ఆ భయం. మీరు రాయలేదు, నాకు వినపడింది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు లెన్సు మాట. ఎందుకంటే మీ వాడు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేమీ కాదు.

పెళ్లిళ్లు తీసేవాళ్లు దాన్ని 'ట్వంటీఫోర్ సెవెంటీ' అంటారు. 24, 70 అన్నవి లెన్సు చూపు ఎంత వెడల్పో, ఎంత దగ్గరో చెప్పే అంకెలు. 24 దగ్గర పెడితే మంటపం, పందిరి, రెండు వైపుల చుట్టాలు అంతా ఒకే ఫోటోలో పడతారు. నిలబడ్డ చోటి నుంచి కదలకుండా రింగు తిప్పి 70కి తెస్తే పెళ్లికూతురి ముఖం నిండుగా వస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించుతారు చూడండి, ఆ అమ్మాయి కళ్లెత్తి చూసేది ఒకటి రెండు సెకన్లు. లెన్సు మారుద్దామని సంచిలో చెయ్యి పెడితే, మళ్లీ తల ఎత్తేసరికి ఆ చూపు అయిపోయి ఉంటుంది. ఇంకోసారి చూడమ్మా అని అడిగి తీసుకునే ఫోటో కాదది.

దాని పేరు చివర ఎఫ్/2.8 అని ఉంటుంది, ధరంతా అక్కడే ఉంది. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. మీ వాడి కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు జూమ్ పూర్తిగా తిప్పితే 5.6కి పడిపోతుంది. 2.8 లోపలికి వదిలే వెలుతురులో అది నాలుగో వంతు. ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకి, దీపాలు అరకొర. 2.8తో సెకనులో 125వ వంతులో తీయగలిగిన తలంబ్రాలు, 5.6తో అదే వెలుతురు రావాలంటే 30వ వంతుకి దిగాలి. అప్పుడు బియ్యం గింజలు గీతలైపోతాయి, పోసే చేతులు పొగలా కనిపిస్తాయి. లేదంటే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టుకునే చురుకు, నాలుగింతలు పెంచాలి, ఫోటో గరుకు తేలుతుంది. ట్వంటీఫోర్ సెవెంటీలో రింగు ఎటు తిప్పినా ఆ 2.8 మారదు. పని తెలిసినవాళ్లు అంత డబ్బు పెట్టేది అందుకే.

కానీ మీ వాడు మీకు చెప్పనిది, బహుశా వాడికీ తట్టనిది ఒకటుంది. 24-70 పెద్ద సెన్సార్ కెమెరాలకని చేసిన లెన్సు. సెన్సార్ అంటే కెమెరా లోపల వెలుతురు పడి ఫోటో తయారయ్యే పలక. 1500డి చిన్న సెన్సార్ కెమెరా. క్రాప్ సెన్సార్ అంటారు. దానికి ఏ లెన్సు తగిలించినా చూపు 1.6 రెట్లు దగ్గరకు జరుగుతుంది. అంటే 24 కాస్తా 38 అయిపోతుంది. మంటపం మొత్తం పట్టే లెన్సని గొలుసు కుదువపెట్టి తెస్తే, తీరా పెళ్లిలో రెండో వైపు చుట్టాలు ఫోటోలో పట్టరు. వెనక్కి జరుగుదామంటే వెనక వీడియో అతను, ఆయన వెనక మేనత్తలు. ఇక బరువు. 2012లో వచ్చిన కెనాన్ 24-70 రెండో రకం 805 గ్రాములు, వాడి కెమెరా 475. పట్టుకుంటే ముక్కు కిందికి వాలిపోతుంది.

ఆ కెమెరాకు సరిపోయే జోడీ కెనాన్ వాళ్లదే 17-55 ఎఫ్/2.8. 2006లో వచ్చింది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. 2.8 అక్కడా మారదు, వెడల్పు చూపూ ఉంటుంది. ఇంకో సంగతి, 2018 నుంచి కెనాన్, నికాన్ రెండూ కొత్త మౌంట్లతో, అంటే లెన్సు బిగించే కొత్త రకం మూతులతో, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. మీ వాడిది అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్. డీఎస్ఎల్ఆర్ లెన్సులు అడాప్టర్‌తో వాటికీ పనిచేస్తాయి, కాబట్టి కొన్నది వృథా కాదు. కానీ చాలామంది పాతవి అమ్మేస్తున్న ఈ రోజుల్లో కొత్త డబ్బా విప్పడమెందుకు? హైదరాబాద్ కోఠిలో ఒక పూట తిరగండి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపల ఫంగస్ ఉంటే సాలెగూడులా కనపడుతుంది. రింగు తిప్పుతుంటే ఇసుక రాపిడి తగిలితే దింపేసి వచ్చేయండి. మన వైపు దుమ్ముకి లెన్సు ఎంత నలుగుతుందో మీకు నేను చెప్పాలా?

ఇంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎవరైనా మంచి పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర వీణ్ని రెండో కెమెరాగా పంపండి. ఆ లెన్సు ఒకటి రెండు రోజులు అద్దెకు తెచ్చుకోమనండి. రాత్రంతా నిలబడి, పొద్దున పది గంటలకు కూడా వాడికి ఇంకా తీయాలని ఉంటే అప్పుడు ధర మాట్లాడదాం.

ఇప్పుడు నా అనుమానాలు కూడా చెప్పాలి, లేకపోతే మీ వాడికి వంత పాడినట్టవుతుంది.

ఈ మధ్య నా దగ్గరికొచ్చే ఫోటో పిల్లలు ఫోన్ తీసి చూపించేది దాదాపు ఒకే ఫోటో. గండికోట, పెన్నా లోయ అంచు, సాయంత్రం ఎండ, వీపు తిప్పుకుని నిలబడ్డ జంట. అందంగానే ఉంటుంది. కింద పేరు చూస్తే తప్ప ఎవరు తీశారో తెలియదు. ప్రీ వెడ్డింగ్ షూట్లు, స్లో మోషన్ రీల్స్ చూసి ఈ దారి పట్టినవాళ్లకు అసలు పని ఎలా ఉంటుందో తెలియదు. ఒక పెళ్లికి వేలల్లో ఫోటోలు. వాటిలోంచి ఏరడం, రంగు సరిచేయడం, ఆల్బమ్ పేజీలు పేర్చడం, "మా చిన్నమామ ఫోటో ఏదీ" అని ఫోన్ వస్తే మళ్లీ పేర్చడం. బ్యాలెన్స్ డబ్బులు ఆల్బమ్ చేతికొచ్చాక అంటారు. ఆల్బమ్ వచ్చాక "రేపు రా నాయనా" అంటారు.

ఆదాయం ముహూర్తాలతో ముడిపడి ఉంటుంది. ఇది మీకు అర్థమైనంత బాగా బీటెక్ వాళ్ల నాన్నలకు అర్థం కాదు. ఆషాఢంలో మీరు డిస్కౌంట్ బోర్డు పెట్టి చీరలు కదిలిస్తారు. ఫోటోగ్రాఫర్ ఎంత డిస్కౌంట్ పెట్టినా ఆషాఢంలో పెళ్లి చేయించలేడు. మూఢమొస్తే అంతే సంగతులు. ఆ నెలల్లో ఇల్లు గడవాలంటే సీజన్లో వచ్చింది దాచుకునే అలవాటు ఉండాలి. పద్దెనిమిదేళ్లకు అది ఎవరికీ ఉండదు, నాకూ లేదు.

నాకు తెలిసిన ఒకబ్బాయి, ఊరు చెప్పను, ఫైనాన్స్‌లో తీసుకుని రెండు కెమెరాలు, ఇదే లెన్సు, డ్రోనూ ఒక్కసారే కొన్నాడు. కంతులు ప్రతి నెలా వచ్చాయి, పెళ్లిళ్లు ప్రతి నెలా రాలేదు. మొదట డ్రోన్ అమ్మాడు, తర్వాత ఒక కెమెరా. ఇప్పుడు వేరే స్టూడియోలో రోజు కూలికి తీస్తున్నాడు. తీసేది బాగా తీస్తాడు, అదే బాధ. వస్తువు ముందొచ్చి పని వెనక రావడంతో వచ్చిన తిప్పలు. అందుకే అంటున్నాను, గొలుసు ఆమె మెడలోనే ఉండనివ్వండి. తిండి మానేశాడని భయపడి కొనిస్తే అది లెన్సు కాదు, లంచం. రేపు ఇంకో వస్తువుకి మళ్లీ తిండి మానేస్తాడు.

ఇక సీటు గురించి. పోల్చమన్నారు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో పోల్చడానికి బీటెక్ అన్న పేరు తప్ప ఏమీ లేదు. ఏ బ్రాంచో రాయలేదు, ఏ కాలేజో రాయలేదు, వాడికి లెక్కలంటే ఇష్టమో కాదో రాయలేదు. సీటు కొనిస్తే చాలు, పిల్లవాడు గట్టెక్కినట్టే అనుకుంటున్నారు. ఇష్టం లేకుండా చేరి, నాలుగేళ్లకు గుత్తులు గుత్తులుగా బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని వచ్చినవాళ్లు ఆ ఫోటో పిల్లలకంటే ఎక్కువమంది నా దగ్గరికి వస్తారు. ఇంజనీరింగ్ చెడ్డదని కాదు. ఇష్టపడి చేరినవాడికి అది బంగారం. మీ వాడికి ఇష్టం లేదని మీరే రాశారు, మళ్లీ అదే వాడి నెత్తిన పెడతానంటున్నారు. నాలుగు చీరలు కొనడానికొచ్చిన ఆమెతో కూడా మీరు ఇంత మొండిగా బేరం చేయరనుకుంటా.

లెన్సూ బీటెక్కూ కాని దారులున్నాయి. మన కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎఫ్ఏలో, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో చేరొచ్చు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలోనే బీఎఫ్ఏ ఉంది. అవేవీ కాకపోతే ప్రొద్దుటూరులోనే మామూలు డిగ్రీలో చేరి, సీజన్లో పెళ్లిళ్లకు వెళ్లొచ్చు. డిగ్రీ చేతిలో ఉంటే పీజీకి, ఇరవై రెండేళ్లకు మనసు మారితే ఇంకో ఉద్యోగానికి తలుపు తెరిచే ఉంటుంది. పూణేలో 1960 నుంచి ఉన్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీకి వెళ్లాలన్నా ముందు డిగ్రీ కావాలి. కాబట్టి ఈ జూన్‌లో మీరు తీసుకునే నిర్ణయంతోనే వాడి బతుకు తేలిపోతుందని రాత్రిళ్లు లేచి కూర్చోకండి. పద్దెనిమిదేళ్లవాడు. రెండుసార్లు దారి మార్చుకోవడానికి కూడా టైముంది వాడికి.

పిల్లనెవరిస్తారన్న టెన్షన్ కూడా వదిలేయండి. మీరు కొట్టు పెట్టిన కొత్తలో మీ మామగారికి మాత్రం భయం లేదా?

ఇప్పుడు మీకో పని. బంగారానికీ బట్టలకూ పేరు పడ్డ ఊరు మీది. పెళ్లిళ్లు లేని నెలల్లో కూడా చీరలకు, నగలకు ఫోటోలు కావాలి, ఇప్పుడు సగం బేరం వాట్సాప్‌లోనే జరుగుతోంది గదా. మీ కొట్టులో ఒక ఇరవై చీరలు తీసి వాడికివ్వండి. స్టాండు మీద కెమెరా పెట్టి, కిటికీ పక్క వెలుతురులో, ఎఫ్/8 దగ్గర పెట్టి తీస్తే ఆ పాత 18-55 లెన్సు కూడా జరీ పోగు పోగూ చూపిస్తుంది. చీర కదలదు, తొందర లేదు, 2.8 అవసరమే లేదు. అంచు ఎలా మడవాలో, పల్లూ ఎటు పరవాలో మీరు చెప్పండి, వెలుతురు సంగతి వాడు చూసుకుంటాడు. వాడు ఆకుపచ్చను ఆకుపచ్చగానే పట్టుకుంటాడా, నెమలి కంఠం రంగు ఫోటోలో నీలమైపోతుందా మీకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. కూలి కూడా ఇవ్వండి, చీరకింతని ముందే మాట్లాడుకుని. ఇంట్లోవాడే గదా అని ఎగ్గొట్టొద్దు.

ఆ ఇరవై ఫోటోలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరూ రండి. ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం నాలుగు దాటాక ఉంటాను. వాడితో ముందు ఓ అరగంట నేనొక్కణ్నే మాట్లాడతాను, మీరు బయట కూర్చుని టీ తాగండి.