రాజును ఓడించింది క్రామ్‌వెల్ ఒక్కడేనా?

ప్రశ్న: ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో మొదటి చార్లెస్ రాజును ఓడించింది ఆలివర్ క్రామ్‌వెల్ అనే చదువుకున్నాం. ఈమధ్య ఒకచోట పార్లమెంటు సేనాధిపతి థామస్ ఫెయిర్‌ఫాక్స్ అని చూశాను. మరి ఆయన పేరు ఎందుకు వినబడదు? రాజుకు మరణశిక్ష వేసినప్పుడు ఆయనేం చేస్తున్నాడు?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీరు చూసింది నిజమేనమ్మా. 1645లో పార్లమెంటు 'న్యూ మోడల్ ఆర్మీ' అని కొత్త సైన్యం కట్టినప్పుడు దానికి అధిపతి ఫెయిర్‌ఫాక్సే, అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. క్రామ్‌వెల్ ఆయన కింద గుర్రపు దళానికి నాయకుడు. ఆ జూన్ 14న రాజు సేనతో నేస్బీలో జరిగిన యుద్ధంలో ఆ దళం దెబ్బ గట్టిగానే పనిచేసింది కానీ, మొత్తం సైన్యాన్ని నడిపిందీ, ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి బ్రిస్టల్, ఆక్స్‌ఫర్డ్ ఒక్కొక్కటీ చేజిక్కించుకున్నదీ ఈయనే. ఆక్స్‌ఫర్డ్ లొంగిపోగానే అక్కడి విశ్వవిద్యాలయపు బోడ్లియన్ లైబ్రరీకి కాపలా పెట్టించాడు, పుస్తకాలు దోపిడీ పాలు కాకూడదని. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

ధైర్యానికి కొదవ లేదు. 1643లో అడ్వాల్టన్ మూర్ దగ్గర చిత్తుగా ఓడి హల్ పట్టణంలో తలదాచుకున్న మనిషి, మరుసటి ఏడాది మార్స్టన్ మూర్‌లో తన వైపు దళం చెదిరిపోయి, చెంప మీద కత్తి గాయంతో శత్రువుల మధ్య చిక్కుకున్నాడు. పార్లమెంటు వాళ్ల గుర్తుగా టోపీకి పెట్టుకున్న తెల్లగుడ్డ పీకేసి, రాజు సైనికుల్లో ఒకడిలా వాళ్ల మధ్య నుంచే నడిచి అవతల ఉన్న క్రామ్‌వెల్ దళాన్ని చేరుకున్నాడు. ఆ యుద్ధంలోనే తమ్ముడు పోయాడు.

ఇక రాజు విచారణ. 1649 జనవరిలో న్యాయమూర్తుల జాబితాలో ఈయన పేరుంది, ముందస్తు సమావేశానికి ఒక్కసారి వెళ్లి మళ్లీ ఆ గడప తొక్కలేదు. కోర్టులో పేరు పిలిస్తే, ఇక్కడికి రాకూడదన్న తెలివి ఆయనకుందని భార్య ఆన్ గ్యాలరీలోంచి గట్టిగా అరిచింది. మరణశిక్ష పత్రం మీద ఈయన సంతకం లేదు. కానీ సైన్యం మొత్తం చేతిలో ఉన్నవాడు, ఆపదలచుకుంటే ఆపగల స్థానంలో ఉన్నవాడు, ఇంట్లో కూర్చుంటే చాలదని నా అభిప్రాయం. అంతకు అయిదు నెలల ముందే, కోల్చెస్టర్ ముట్టడి ముగిశాక లొంగిపోయిన లూకాస్, లైల్ అనే ఇద్దరు రాజు పక్షపు సేనానులను కాల్పించింది కూడా ఈయనేనని మరవకూడదు.

పేరు మరుగున పడడానికి కారణం 1650. స్కాట్లండ్ మీదికి ముందుగా దండెత్తడం తనకు ఇష్టం లేదని పదవి వదిలేసి, యార్క్‌షైర్‌లోని నన్ ఆపిల్టన్ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పదవి క్రామ్‌వెల్‌కు దక్కింది, తర్వాత దేశమే ఆయన చేతికి వచ్చింది, చరిత్ర పాఠాలన్నీ ఆయన చుట్టూ తిరిగాయి. 1660లో చార్లెస్ కొడుకును రాజుగా వెనక్కి పిలవడానికి నెదర్లాండ్స్‌లోని హేగ్ వెళ్లిన బృందంలో ఫెయిర్‌ఫాక్స్ ఉన్నాడు, కొత్త రాజు ఈయన జోలికి రాలేదు.