అరకు రైలెక్కే ముందు

నాన్నా కిట్టూ,

నువ్వు మీ ఆఫీసు వాళ్ళని పద్నాలుగు మందిని వెంటేసుకుని కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊరు వదిలి ఇన్నేళ్ళయినా మన కొండలు నలుగురికీ చూపించాలనిపించిందంటే ముచ్చటేసింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. పద్నాలుగు మందిరా! గుంపులో పడితే బుద్ధిమంతులకి కూడా చెవులు పనిచెయ్యవు.

స్వెట్టర్లు పట్టుకెళ్ళండి. టికెట్లు ముందే చేయించు. మందు కొట్టి రైలెక్కే రకం ఎవడైనా ఉంటే వాణ్ణి విశాఖలోనే వదిలెయ్.

శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు అరకులో సంత. కొండ మీద ఊళ్ళవాళ్ళు గంపలతో, కోళ్ళతో దారి పొడుగునా ఎక్కుతారు. వాళ్ళకది విహారం కాదు, వారం బేరం. 2017లో అద్దాల బోగీ వేసింది చూడ్డానికొచ్చే మీలాంటి వాళ్ళ కోసమే. నాలుగు డబ్బులు ఎక్కువైనా అందులో చేయించు, లేదంటే రిజర్వేషన్ బోగీ. జనరల్‌లో ఎక్కి సీటుకొక రుమాలు పరిచి ‘మావాళ్ళు వస్తున్నారు’ అనే పని చెయ్యకండి.

ఏఎన్ఎంగా, అదే ఊళ్ళు తిరిగి టీకాలేసే నర్సుగా, అనంతగిరి మండలంలో పదకొండేళ్ళు చేశాను కదా, ఆ లైన్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఒకసారి నేను నిలబడి ఉంటే సీటు మీద పాటల డబ్బా కూర్చుంది. నా చేతిలో నీలం రంగు టీకాల పెట్టె చూసి ఒక కుర్రాడు ‘ఆంటీ, ఐస్‌క్రీమ్ ఎంత?’ అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు రాలేదు. ఆ లైన్లో 58 సొరంగాలు. చీకటి పడ్డప్పుడల్లా ఈలలు, కేకలు. మీకు అది ఒక్కరోజు సరదా. నా పక్కన కూర్చున్న బాలింత చీర కొంగు మడిచి పసిబిడ్డ చెవులకి అడ్డం పెట్టుకుంది. సొరంగం అయిపోయాక తీసింది, ఇంకోటి రాగానే మళ్ళీ పెట్టింది. అరకు దాకా అదే పని.

ఇంతా చెప్తున్నదాన్ని నేనేమీ పత్తిత్తుని కాను. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, 1986 కార్తీకంలో, మా బ్యాచ్ ఆడపిల్లలం బొర్రా గుహలకి పిక్నిక్ పెట్టుకున్నాం. పులిహోర గుండిగ, పెరుగన్నం బకెట్టు, సంచులు అన్నీ తలుపు దగ్గరే పేర్చాం, దిగేటప్పుడు వీలుగా ఉంటుందని. అక్కడే కింద కూర్చుని అంత్యాక్షరి. బొర్రాకి ముందు స్టేషన్ చిమిడిపల్లి వస్తోందనగా ఒక ముసలమ్మ బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మా వెనక నిలబడింది. తెలుగూ ఒరియా కలిసిన మాటలో ఏదో అంది. ఆ యాసకి మాలో ఒకత్తి కిసుక్కుమంది. రైలు ఆగింది. ‘ఉండు అవ్వా, గుండిగ జరపాలి’ అన్నది నేనే. అన్నానే గానీ లేవలేదు. నా వంతు పాట ‘మ’ మీద ఆగింది, అది తట్టేలోపు రైలు కదిలిపోయింది. అక్కడ ఆగేదే ఒకటి రెండు నిమిషాలు.

ఆమె అరవలేదు, తిట్టలేదు. మూట దింపి మా గుండిగ పక్కనే కూర్చుంది. బొర్రాలో మాతోపాటే దిగింది. దిగువకి రైలు సాయంత్రం గానీ లేదు. మూట మళ్ళీ నెత్తికెత్తుకుని పట్టాల వెంట వెనక్కి నడక మొదలుపెట్టింది. ఆ దారంతా సొరంగాలేనని మాకు తెలుసు, అప్పుడే వాటిలోంచి వచ్చాం కదా. అదే పట్టాల మీద ఇనప ఖనిజం గూడ్సులు తిరుగుతుంటాయి. ఒక్కరమూ ఆపలేదు. ఫొటో దిగే తొందర.

ఆ ఫొటో ఇప్పటికీ బీరువాలో ఉంది. ప్లాట్‌ఫారం మీద తొమ్మిది మందిమి నవ్వుతూ నిలబడ్డాం. ఎడమ పక్క చివర మూట మూల ఒకటి పడింది, మనిషి పడలేదు. తర్వాత ఆ పక్కకే పోస్టింగ్ వచ్చింది. చిమిడిపల్లిలో ఎక్కేవాళ్ళని ఎన్నోసార్లు అడగబోయాను. ఏమని అడగను? పేరు తెలీదు, ఊరు తెలీదు.

అందుకే నీకు తలుపు గురించి ఇంతలా చెప్తున్నాను. సామాన్లు సీటు కింద పెట్టించు. తలుపు దగ్గర ఎవర్నీ కూర్చోనివ్వకు, మెట్ల మీద వేలాడి సెల్ఫీలు తీసుకోనివ్వకు. సొరంగం గోడ ఎంత దగ్గరగా పోతుందో కిటికీలోంచి చూస్తేనే గుండె జారుతుంది. నువ్వు చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఆ చీకట్లో నా చెవి పట్టుకునేవాడివి, గుర్తుందా? వెలుతురు వచ్చాకే వదిలేవాడివి. సిమిలిగూడ స్టేషన్లో సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు అని రాసిన బోర్డు చూపిస్తే ‘ఆకాశం ఇంకెంత దూరం పెద్దమ్మా’ అన్నావు. నీ వాళ్ళకి ఆ బోర్డు చూపించు.

ఎవరైనా వెనక నుంచి ఏదైనా అంటే, భాష అర్థం కాకపోయినా ముందు లేచి నిలబడు. చాలు.

తిరుగు రైలు కొత్తవలసలో ఆగుతుంది. రాత్రయినా సరే దిగండి, మనిల్లు స్టేషన్‌కి నాలుగడుగులే. అందరూ వస్తారో కొందరే వస్తారో ముందు రోజే ఫోన్ చెయ్యి, పప్పు నానబోసుకోవాలి.

నీ పెద్దమ్మ