స్పాన్సర్‌కి ఏం చూపించాలి? ఈ-స్పోర్ట్స్ ఆటగాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

పోటీ గేమింగ్ ఆడేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు స్పాన్సర్ల గురించే. ఒకేలాంటివి కలిపి, అందరికీ పనికొచ్చే ప్రశ్నలు ఎంచుకున్నాం.

ప్రశ్న: మాది ఐదుగురి వాలరెంట్ (తుపాకులతో ఆడే షూటింగ్ గేమ్) టీమ్. ఆన్‌లైన్ టోర్నమెంట్లు మూడు గెలిచాం. 40 కంపెనీలకు మెయిల్ పెట్టాం, ఒక్కరూ పలకలేదు. ఆ మెయిల్ మీకూ పంపుతున్నాం. లోపం ఎక్కడుందండీ?

మెయిల్ చదివాం. మూడు పేరాల నిండా మీ గెలుపులు, మీ ర్యాంకులు, మీ ఆశలు. చివర్న ‘మమ్మల్ని సపోర్ట్ చేయండి’ అని ఒక్క వాక్యం. దాన్ని చదివే మార్కెటింగ్ ఉద్యోగి తన పై అధికారికి లెక్క చెప్పుకోవాలి: ఈ డబ్బుతో మన పేరు ఎవరి కంటపడుతుంది, ఎంతమంది కంటపడుతుంది, అది జరిగిందని ఎలా తెలుస్తుంది? ఈ మూడింటిలో దేనికీ మీ మెయిల్లో జవాబు లేదు. పైగా ఆ కంపెనీ అమ్మే వస్తువు పేరే ఎక్కడా లేదు. అందరికీ ఇదే మెయిల్ వెళ్లిందని ఇట్టే తెలిసిపోతుంది.

ట్రోఫీ మీ ఆటకు రుజువు. స్పాన్సర్ డబ్బు పెట్టేది మీ ఆట చూసేవాళ్ల కోసం. గెలుపుల గురించి ఒక లైను చాలు.

40 కంపెనీలు వద్దు, 10 చాలు. మీ ప్రేక్షకులు నిజంగా కొనే వస్తువేనా, ఆ కంపెనీ ఈ మధ్య మీ స్థాయి టీమ్‌కో స్ట్రీమర్‌కో ఇచ్చిందా, మీరు ఆ వస్తువు వాడుతున్నారా అన్నవి చూసి ఎంచుకోండి. పెద్ద బ్రాండ్ల వెంటపడి నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మెర్సిడెస్-బెంజ్ 2020లో ఒప్పందం చేసుకున్నది నేరుగా లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట ప్రపంచ స్థాయి పోటీలతో. ఆ స్థాయి బడ్జెట్లలో కొత్త టీమ్‌కి చోటుండదు. మౌస్‌ప్యాడ్లు, కీబోర్డులు చేసే చిన్న కంపెనీలు, పీసీలు బిగించి అమ్మేవాళ్లు, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చేవాళ్లు, ఆట నేర్పే యాప్‌లవాళ్లు: మొదటి స్పాన్సర్ సాధారణంగా వీళ్లలోంచే వస్తారు.

మెయిల్ ఇంత ఉంటే చాలు:

‘మీ చిన్న సైజు కీబోర్డును మా టీమ్‌లో ఇద్దరు ఏడాదిగా వాడుతున్నారు. వారానికి మూడు రోజులు స్ట్రీమ్ చేస్తాం, సగటున 60 మంది ఒకేసారి చూస్తారు, ఎక్కువమంది 18 నుంచి 24 ఏళ్లవాళ్లు. వచ్చే సీజన్ మూడు నెలలూ స్ట్రీమ్ మీద మీ లోగో, నెలకు రెండు చిన్న వీడియోలు, వివరణలో మీ లింకు ఇవ్వగలం. ప్రతి నెలా 5వ తేదీకల్లా లెక్కలు పంపుతాం. వచ్చే వారం 15 నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా?’

దీనికి మీ ప్రేక్షకుల అంకెలతో రెండు పేజీల పీడీఎఫ్ జతచేయండి. కంపెనీ సాధారణ ఇన్‌బాక్సుకి కాకుండా మార్కెటింగ్ లేదా పార్ట్‌నర్‌షిప్స్ చూసే మనిషికి పంపండి. వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి, ఇంకో పది రోజులకు మరోసారి. అప్పటికీ జవాబు లేకపోతే ఆపేసి, మూడు నెలలాగి కొత్త అంకెలతో రాయండి. బడ్జెట్లు ముందే ఖరారైపోతాయి కాబట్టి, సీజన్ మొదలయ్యే వారంలో కాకుండా కనీసం రెండు మూడు నెలల ముందే రాయాలి.

ప్రశ్న: నాకు ఇన్‌స్టాగ్రామ్‌లో 9,000 మంది ఫాలోవర్లున్నారు. స్ట్రీమ్ చూసేది మాత్రం 25 మందే. పీడీఎఫ్‌లో ఫాలోవర్ల సంఖ్య ఒక్కటే వేస్తే సరిపోతుందా?

సరిపోదు. రెండూ వేయండి. స్పాన్సర్ మీ చానెల్ తెరిచి ఒక్క స్ట్రీమ్ చూస్తే 25 కనిపిస్తుంది. దాచారన్న అనుమానం వస్తే మిగతా అంకెల్నీ నమ్మరు.

25 చిన్న సంఖ్య అనుకోకండి. రోజుకు 4 గంటల చొప్పున నెలకు 12 స్ట్రీములైతే 25×4×12, అంటే 1,200 గంటల వీక్షణ. వేలుతో తోసేస్తే పోయే పోస్టుకు, గంటల తరబడి తెర మీద ఉండే లోగోకు పోలికే లేదు. గత 90 రోజుల సగటు వేయండి. ఫైనల్ ఆడిన రోజునో, వేరే స్ట్రీమర్ తన ప్రేక్షకుల్ని మీ దగ్గరికి మళ్లించిన రోజునో వచ్చిన అత్యధిక సంఖ్యను సగటులో కలిపి పెంచి చూపకుండా విడిగా రాయండి. డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్‌లో తేదీలు కనిపించాలి. ప్రేక్షకులు ఏ దేశాలవాళ్లో తప్పకుండా చెప్పాలి. కంపెనీ సరుకు పంపలేని దేశంలో ఎంతమంది చూసినా ఆ కంపెనీకి ఉపయోగం లేదు.

ఫాలోవర్లను కొనే ఆలోచన ఉంటే మానుకోండి. 9,000 మంది ఉన్న ఖాతాలో పోస్టుకు మూడు కామెంట్లుంటే మార్కెటింగ్‌వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఎంత అడగాలి? తక్కువడిగితే నష్టం, ఎక్కువడిగితే పోతుందేమోనని భయం.

రెండు వైపుల నుంచి లెక్క కట్టండి. ముందు మీ వైపు: ఎంట్రీ ఫీజులు, ప్రయాణాలు, జెర్సీలు, ఎడిటింగ్‌కి ఇచ్చేది, స్పాన్సర్ పని మీద నెలకు పోయే గంటల విలువ. ఒక చిన్న వీడియోకి షూటింగ్, ఎడిటింగ్, వాళ్లు చెప్పిన మార్పులు కలిపి ఆరేడు గంటలు సులువుగా పడుతుంది. ఇది మీ కనీస ధర, ఇంతకన్నా కిందికి దిగితే మీ జేబులోంచి పెడుతున్నట్టే.

తర్వాత వాళ్ల వైపు. ‘కొత్త కొనుగోలుదారు ఒకరిని తెచ్చుకోవడానికి మీకు మామూలుగా ఎంత ఖర్చవుతుంది?’ అని సూటిగా అడగండి. చెప్పేవాళ్లు చెబుతారు. మీ లింకు ద్వారా నెలకు నలుగురు కొంటారనుకుంటే ఆ ఖర్చుకు నాలుగింతలు వాళ్లు కళ్లు మూసుకుని ఇవ్వగల మొత్తం. దాని మీద అడిగేదంతా పేరు కనిపించినందుకు, వీడియోలు వాళ్ల చేతికి వచ్చినందుకు. ఆ తేడా మీకు తెలిసుంటే బేరంలో తడబడరు.

ఒకే ధర చెప్పకండి. లోగో, లింకు వరకు ఒకటి, వీడియోలు కలిపి ఒకటి, జెర్సీ కూడా కలిపి ఒకటి పెట్టండి. తగ్గించమంటే ధర ఒక్కటే తగ్గించకుండా ఇచ్చే పనిలోంచి కూడా ఏదో ఒకటి తీసేయండి.

ప్రశ్న: ఒక మానిటర్ల కంపెనీ ముందుకొచ్చింది. స్టేజీ మీద ఆడే పోటీల్లో తమ మానిటర్ కనిపించాలంటోంది. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి, అది మీ చేతిలో లేదు. స్టేజీ పోటీల్లో పీసీలు, మానిటర్లు, కుర్చీలు సాధారణంగా నిర్వాహకులవే, వాటికి వాళ్ల స్పాన్సర్లు వేరే ఉంటారు. ఆటగాడు తెచ్చుకునేది మౌస్, మౌస్‌ప్యాడ్, కీబోర్డు, ఇయర్‌ఫోన్లు. ఇయర్‌ఫోన్ల మీద కూడా చాలాచోట్ల బయటి శబ్దం వినపడకుండా నిర్వాహకుల హెడ్‌సెట్ పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకని మౌస్ కంపెనీకి స్టేజీ మీద చూపిస్తామనవచ్చు, మానిటర్, కుర్చీ కంపెనీలకు ఇంటి స్ట్రీమ్, వీడియోలు మాత్రమే. అధికారిక ప్రసారంలో లోగో ఎంతసేపు పడుతుందో కూడా మాటివ్వకండి. కెమెరా వాళ్లది.

మీ చేతిలో ఉన్న తెరను బాగా వాడుకోండి. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్‌లలో మ్యాప్ పైన ఎడమవైపు, ఎవరు ఎవర్ని చంపారో చూపే జాబితా పైన కుడివైపు, ప్రాణం, తూటాల అంకెలు కింద ఉంటాయి. డోటా 2లో మ్యాప్ మామూలుగా కింద ఎడమ మూల, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో కింద కుడి మూల. వీటి మీద లోగో పడితే చూసేవాళ్లకు చిరాకు, స్పాన్సర్‌కు చెడ్డపేరు. అన్నిటికన్నా క్షేమమైన చోటు మీ ఫేస్‌క్యామ్ (మీ ముఖం కనిపించే చిన్న కెమెరా గడి) ఫ్రేమ్. నిలువు వీడియోల్లో కుడి అంచున లైక్, షేర్ బటన్లు, అడుగున పేరు, వివరణ వచ్చి కూర్చుంటాయి, లోగో పై సగంలో ఉండాలి. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి కింద కుడి మూలలో నిడివి అంకె పడుతుంది, అక్కడ పెట్టిన లోగో పోయినట్టే. చివరగా స్ట్రీమ్‌ను ఫోన్లో 480పీలో పెట్టి, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. పేరు చదవగలిగితేనే ఆ సైజు సరైనది.

జెర్సీకైతే లోగో వెక్టర్ ఫైలు (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ) అడిగి తీసుకోండి. వెబ్‌సైట్ నుంచి దింపిన చిన్న బొమ్మను పెద్దది చేసి ముద్రిస్తే అంచులు అరిగిపోయినట్టు వస్తాయి. ముద్రణకు ముందు నమూనా మీద స్పాన్సర్ అంగీకారం మెయిల్లో ఉండాలి.

ప్రశ్న: ‘మా అంబాసిడర్ అవ్వండి, డిస్కౌంట్ కోడ్ ఇస్తాం, మౌస్ సగం ధరకే మీకు’ అంటున్నారు. ఇది స్పాన్సర్‌షిప్పేనా?

డబ్బు మీరు కడుతున్నారు కాబట్టి మీరు కొనుగోలుదారు. వస్తువు ఉచితంగా ఇచ్చి, కోడ్ ద్వారా అమ్మిన ప్రతిదానికీ కమీషన్ ఇస్తే ఆలోచించవచ్చు. మూడు నెలల అమ్మకాల లెక్క మీ దగ్గరుంటే తర్వాతి కంపెనీ దగ్గర అదే మీ పెట్టుబడి. ఎన్ని పోస్టులు, ఎన్నాళ్లు అన్నది రాయించుకోండి. ఉచితంగా వచ్చిన వస్తువైనా ప్రచారం అని చెప్పి తీరాలి. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేయండి, లైవ్ స్ట్రీమింగ్ సైట్ ట్విచ్‌లో కూడా దానికి సెట్టింగ్ ఉంది. ఉచిత వస్తువులను కూడా చాలా దేశాల్లో ఆదాయంగానే లెక్కేస్తారని మర్చిపోకండి.

ప్రశ్న: కాంట్రాక్టు వచ్చింది, ఎనిమిది పేజీలు. ఏవేవి జాగ్రత్తగా చూడాలి?

మొదట ప్రత్యేక హక్కు. ‘గేమింగ్ ఉత్పత్తులన్నీ’ అని ఉంటే ఒక్క కీబోర్డు స్పాన్సర్ వల్ల కుర్చీ, హెడ్‌సెట్, పీసీ అన్నీ మూసుకుపోతాయి. ‘కీబోర్డులు మాత్రమే’ అని మార్పించండి. రెండోది, మీ వీడియోలను కంపెనీ తన ప్రకటనల్లో వాడుకునే హక్కు. దానికి గడువు లేకపోతే మీరు వేరే బ్రాండ్‌కి మారాక కూడా మీ ముఖం పాత బ్రాండ్‌ను అమ్ముతూనే ఉంటుంది. మూడు లేదా ఆరు నెలలు పెట్టి, పొడిగిస్తే అదనపు సొమ్ము అడగండి. మూడోది ఆటగాళ్ల మార్పు. ఐదుగురి పేర్లూ ఒప్పందంలో ఉంటే ఒకరు వెళ్లిపోయినా ఉల్లంఘన అంటారు. టీమ్ పేరుతో రాయించి, మారిన ఆటగాడి వివరం ఇన్ని రోజుల్లో తెలియజేస్తామని చేర్చండి. టీమ్ లోపల డబ్బు ఎలా పంచుకుంటారో స్పాన్సర్ రాకముందే కాగితం మీద పెట్టుకోండి. టీములు చీలిపోయేది ఎక్కువగా మొదటి చెల్లింపు దగ్గరే.

చెల్లింపు ఇన్‌వాయిస్ ఇచ్చిన 30 రోజులకా 60 రోజులకా చూడండి. కొంత ముందుగా అడగటం తప్పు కాదు. పెద్ద పేరు చూసి ఏళ్ల తరబడి వచ్చే సొమ్మును ముందే ఖర్చు రాసుకోకండి. 2021 జూన్‌లో టీఎస్ఎం అనే ఈ-స్పోర్ట్స్ సంస్థ క్రిప్టో కంపెనీ ఎఫ్‌టీఎక్స్‌తో పదేళ్లకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది, ఒప్పందం అక్కడితో ఆగిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. బెట్టింగ్ సైట్ ఒకటి మంచి మొత్తమే ఇస్తానంటోంది. వాడు ఒప్పుకుందామంటున్నాడు. మీరేమంటారు?

వద్దండీ. మైనర్ ముఖంతో బెట్టింగ్ ప్రచారం అనేక చోట్ల చట్టవిరుద్ధం. ఆట తయారుచేసిన కంపెనీలు, టోర్నమెంట్ నిర్వాహకులు కూడా ఏయే రకాల స్పాన్సర్లు కుదరరో రూల్‌బుక్‌లో రాస్తారు. బెట్టింగ్, మద్యం, పొగాకు తరచూ అందులో ఉంటాయి. ఈ నియమాలు ఆటను బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి ఏ స్పాన్సర్‌కైనా సరే అనేముందు ఆ పేజీ చదవాలి. జెర్సీ మీద లోగో ఉన్నందుకు ఆడనివ్వకపోతే వచ్చిన డబ్బుకన్నా పోయేదే ఎక్కువ.

పందేల దగ్గరగా మసలడం ఆటగాడికే ప్రమాదం. 2014 ఆగస్టులో ఐబైపవర్ టీమ్ ఒక కౌంటర్-స్ట్రైక్ మ్యాచ్‌ను కావాలని ఓడింది, దాని మీద గేమ్ వస్తువులు పందెం కాశారు. 2015 జనవరిలో ఆ ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ అందులో భాగమైన ఆటగాళ్లను తన పోటీల నుంచి నిషేధించింది. ఆ టీమ్ పేరే స్పాన్సర్ పేరు, పీసీలు అమ్మే కంపెనీది. అబ్బాయి మైనర్ కాబట్టి, వేరే కంపెనీ దొరికాక ఒప్పందం మీద సంతకం మీరు చేయాలి, డబ్బు మీరు చూసే ఖాతాలోకి రావాలి.

ప్రశ్న: పేరున్న బ్రాండ్ నుంచంటూ మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు జిప్ ఫైల్లో ఉంది, పాస్‌వర్డ్ మెయిల్లోనే ఇచ్చారు. తెరవనా?

తెరవకండి. పాస్‌వర్డ్ పెట్టేది మెయిల్ స్కానర్ లోపల చూడకుండా ఉండటానికే. లోపల కాంట్రాక్టు బొమ్మతో ఉండేది ఎక్కువగా ‘.ఎస్‌సీఆర్’ లేదా ‘.ఈఎక్స్ఈ’ ఫైలు, అంటే తెరవగానే నడిచే ప్రోగ్రామ్. అది బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుంచుకునే సమాచారాన్ని) దొంగిలిస్తుంది. అప్పుడు వాళ్లకు మీ పాస్‌వర్డ్ గానీ ఫోన్‌కొచ్చే కోడ్ గానీ అక్కర్లేదు. యూట్యూబర్ల మీద జరిగిన ఇలాంటి దాడుల గురించి గూగుల్ 2021 అక్టోబర్‌లో వివరంగా ప్రకటించింది. బ్రాండ్ వెబ్‌సైట్లో ఉన్న చిరునామాకి మీరే విడిగా రాసి, కాంట్రాక్టు మామూలు పీడీఎఫ్‌లో పంపమని అడగండి.

ఇప్పటికే తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్ ఖాతాలో, తర్వాత చానెల్, గేమ్ ఖాతాల్లో ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ కొట్టి పాస్‌వర్డ్లు మార్చండి. రికవరీ ఫోన్ నంబరు మారిందేమో చూడండి, చానెల్ మేనేజర్ల జాబితాలో కొత్త పేర్లుంటే తీసేయండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించేదాకా దేంట్లోనూ లాగిన్ కావద్దు.